నలభై ఒక్క సిల్వర్ చెట్లు

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు నలభై ఒక్క చెట్లకు మేకులు కొట్టాను. చివరి దెబ్బ నా బొటనవేలికి తగిలింది. గోరు నల్లబడింది. కోపం పట్టలేక సుత్తిని బండకేసి బాదితే పిడి విరిగింది. మొగోడికి రావాల్సిన కోపం దీనికొచ్చి కూర్చున్యాది అని మా అమ్మ హొన్నూరమ్మ ఎప్పుడూ అంటుంది. మా అన్న యోగీశ్ కోపం ముందు నాది ఏ మూలకూ రాదు. అది ఆమెకు కనబడదు.

తెలుగులో రాస్తున్నాను. నేను చదివిందంతా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, ఆమె పుట్టిల్లు మడకశిర పక్క. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవగలిగేది మాత్రం అమ్మా నేనూ. ఈ పుస్తకం ఆఫీసులో ఎవరి చేతికి చిక్కినా భయం లేదు.

పని గురించి రాయాలి. సోలార్ పార్కు కొత్త బ్లాకు నుంచి కరెంటు లైను పోయే దారిలో ఉన్న ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ల కొట్టాలి. టేపుతో చుట్టుకొలత తీయాలి. ఫోన్‌లో ఫోటో ఎక్కించి పక్కన బొటానికల్ నేమ్ రాయాలి. బీఎస్సీ బాటనీ చదివినందుకు పావగడ తాలూకాలో నాకు దొరికిన ఒకే ఒక్క పని ఇది. ఈ రోజు చేసినవి మా సొంత చెట్లు. నిడుగల్లు కొండ కింద మాకు నాగలి దిగని మూడెకరాల రాళ్లగట్టు ఉంది. దాని మీద మా ముత్తాత నరకకుండా వదిలిన యేపిమాన్లు ఉన్నాయి.

బెంగళూరులో డేటా చూసే ఆయన మధ్యాహ్నం ఫోన్ చేశాడు. యేపి అంటే యాపే కదా, యాప్‌లో నీమ్ అని మార్చేశాను అన్నాడు. చెడామడా తిట్టాను. యాప అంటే వేప, అది వేరు, యేపి వేరు. యాపకు ఒక పుల్లకు బోలెడు ఆకులు. యేపికి రెండే, గొర్రె గిట్టలాగా జంటగా, ఒకే కాడకు. హార్డ్‌వికియా బైనాటా. హార్డ్‌విక్ ఎవరో తెల్లవాళ్ల సైన్యంలో అధికారి. బైనాటా అంటే జంట. ఆయన నీమ్ తీసేసి, సారీ మేడమ్ అని కూడా అన్నాడు. ఆ సారీకి వేలినొప్పి కాస్త తగ్గింది.

నాయన జీవాలను తోలుకుని రోజంతా నా వెంటే తిరిగాడు. ఎర్రప్ప గొర్రెలు మేపడం ఆపి మనిషి వెంట తిరిగాడంటే ఊళ్లో ఎవరూ నమ్మరు. మేకు దిగిన ప్రతిసారీ నొప్పి తనదైనట్టు ముఖం పెట్టాడు. ఏంది పాపా ఈ బిళ్లలు అని అడిగాడు. సిల్వర్ నాయనా, తుప్పు పట్టదు అన్నాను. మా ఇంట్లో అన్నం గిన్నె సిల్వర్, నీళ్ల బిందె సిల్వర్, ఇదీ ఆ అల్యూమినియం రేకే. సిల్వర్ కొట్టిన చెట్టును ఎవడూ ముట్టలేడు, నరకాలంటే పెద్దాఫీసు పర్మిషన్ కావాలి అని కూడా చెప్పాను. అట్లయితే కొట్టు పాపా, బాగ లోతుగా కొట్టు అన్నాడు.

4 ఫిబ్రవరి

గోరు ఊడేలా ఉంది. పేరు రాసేదానికి ఇంత నెత్తురేంది అని అన్న నవ్వాడు. సుత్తికి కొత్త పిడి వేసి ఇచ్చాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం

నిన్న మంగళవాడ రోడ్డు పక్కన ఒక తోటలో నూట పది సిల్వర్ ఓక్‌లు లెక్కపెట్టాను. వాటికి బిళ్లలు కొట్టనక్కర్లేదు. మా సర్వే ఇన్‌చార్జ్ శశి సార్ ముందే చెప్పాడు, సిల్వర్ ఓక్, సరుగుడు, నీలగిరి మినహాయింపు లిస్టులో ఉంటాయి. ఓనరు నాటుకున్నది, ఓనరు నరుక్కోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు.

సిల్వర్ ఓక్ అనే పేరు వింటేనే నాకు ఒళ్లుమంట. అది ఓక్ కాదు. ఓక్ అంటే క్వెర్కస్. చిన్న టోపీ పెట్టుకున్న కాయ కాస్తుంది, చలిదేశాల్లో, హిమాలయాల్లో పెరుగుతుంది. నేను ఫోటోలోనే చూశాను. ఇది ఆస్ట్రేలియా చెట్టు, గ్రెవిల్లియా రోబస్టా. ఓక్‌కు దీనికి ఏ చుట్టరికమూ లేదు. కోసిన పలక మీద గీతలు ఓక్ గీతల్లా ఉన్నాయని కలప అమ్మేవాళ్లు ఓక్ అన్నారు, జనం అదే పట్టుకున్నారు. ఆకు వెనకవైపు తెల్లగా మెరుస్తుంది కాబట్టి సిల్వర్. పేరులో సగం నిజం, సగం వ్యాపారం. ఫైనల్ ఇయర్‌లో ఈ ప్రశ్న రెండు మార్కులకు వస్తే నేను మూడు పేజీలు రాశాను. మార్కులు ఒకటిన్నరే వేశారు. ఇప్పటికీ ఆ లెక్చరర్ ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాను.

మంచి మాట కూడా ఒకటి ఉంది. మా గట్టు మీద నలభై ఒక్క యేపిమాన్లకు పర్మిషన్ తెచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది, అందుకని లైనునే ఉత్తరానికి వంచుతారేమో అని శశి సార్ అన్నాడు. ఇంట్లో చెప్పాను. నాయన ఊరంతా చెప్పాడు. వేసవి మూడు నెలలూ ఊరి జీవాలన్నీ మా గట్టు మీదే, రాలిన యేపాకు తిని బతుకుతాయి. వేరే మేత ఉండదు. ఎనభై గొర్రెలున్న ఈశ్వరప్ప ఇంటికొచ్చి నా తల నిమిరాడు. చెట్లు కాదు పాపా, ఊరినే కాపాడినావు అన్నాడు. పైకి చెప్పుకోలేదు గానీ చాలా గర్వంగా అనిపించింది.

17 ఫిబ్రవరి, సోమవారం, సాయంత్రం 6

నేను ఈ రోజు బలసముద్రం పక్క పనిలో ఉన్నాను. మా గట్టుకు మహజరు రాయడానికి ఆఫీసర్ వచ్చి పోయాడట. మహజరు అంటే స్థలం చూసి, ఓనరు చెప్పింది రాసుకుని, వేలిముద్ర వేయించుకోవడం. నేను ఇంటికొచ్చి అన్నానికి కూర్చోగానే నాయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తాను. సారు జీపు దిగలే పాపా, ఎండ. ఆడినుంచే అడిగినాడు, ఏం చెట్లు ఎర్రప్పా అని. నేను కన్నడంలోనే చెప్పినా, ఎల్లా సిల్వర్ మర సార్, అన్నీ సిల్వర్ చెట్లే అని. అన్నీనా అన్నాడు. నలభై ఒకటీ సిల్వరే, మా పాప దగ్గరుండి చేసింది అన్నా. రాసుకున్నాడు. వేలొత్తినా. పోతాపోతా చెయ్యి గూడా కలిపినాడు.

ముద్ద నా చేతిలోనే ఆగింది. ఇప్పుడు ఆకు రాలిన కాలం. చెట్లు బోసిగా, బూడిదరంగు మొద్దులతో నిలబడి ఉన్నాయి. జీపులో కూర్చున్న మనిషికి దూరం నుంచి ఏ చెట్టయినా ఒకటే. ఓనరే సిల్వర్ మర అన్నాడు, కూతురే దగ్గరుండి చేసింది అన్నాడు. కూతురే నాటిందనుకుని ఉంటాడు. ఆ కాగితంలో ఏం రాసి ఉంటాడో నాకు చూడకుండానే తెలుసు.

నాయనకు చెప్పలేదు. రేపు శశి సార్‌తో మాట్లాడి సరిచేయిస్తాను. రేపటికి సరైపోయేదానికి ఈయన సంతోషం చెడగొట్టడమెందుకు.

18 ఫిబ్రవరి

సరిగ్గా అదే రాశారు. సిల్వర్ ఓక్, నలభై ఒకటి, ఓనరు నాటినవి. కింద నాయన వేలిముద్ర, నీలం సిరా.

సార్, బిళ్లలను మేం సిల్వర్ అంటాం, మా నాయన చెప్పింది బిళ్లల గురించి అన్నాను. శశి సార్ మొదట నవ్వాడు. తర్వాత తలుపు మూసి నెమ్మదిగా చెప్పాడు. ఇది తప్పు అని నువ్వు రాసిస్తే, మీ నాన్న తప్పుడు వాంగ్మూలం ఇచ్చినట్టవుతుంది, కేసు మొదట ఆయన మీదే పడుతుంది. ఆ మాట ఆయనకు ఎవరు నేర్పారని అడుగుతారు, అప్పుడు నీ పేరు కూడా వస్తుంది, ఈ ఉద్యోగం ఉండదు. లైను వంచే బాధ తప్పిందని పైవాళ్లంతా సంతోషంగా ఉన్నారమ్మా, ఇప్పుడు తిద్దమంటే తిద్దేవాడు ఎవడూ లేడు. బెదిరించినట్టు కూడా లేదు, జ్వరానికి మాత్ర చెప్పినట్టు చెప్పాడు.

ఫోన్ తెరిచి చూస్తే నా నలభై ఒక్క ఎంట్రీలు లేవు. బయటికొచ్చి అక్కడున్న స్కూటీని ఎగిరి తన్నాను. తన్నాక చూస్తే అది నాదే.

20 ఫిబ్రవరి

చెప్పలేదు.

22 ఫిబ్రవరి

ఈ రోజూ చెప్పలేదు. కేసు అంటే నాయన భయపడతాడని నాకు నేను చెప్పుకుంటున్నాను. భయం నాయనది కాదు.

24 ఫిబ్రవరి, సోమవారం

ఉదయం తొమ్మిదికి రంపాలు వచ్చాయి. చెట్లు కొట్టే కాంట్రాక్టు మంగళవాడ మేస్త్రీ ఓబులేశ్‌ది. మా అన్నతో హైస్కూల్లో కబడ్డీ ఆడినవాడు. పండక్కి మా ఇంట్లో బువ్వ తిన్నవాడు. ఎనిమిది మంది కూలీలతో ట్రాక్టర్‌లో దిగాడు.

యేపి కొయ్య ఇనుము. మొదటి చెట్టుకే రంపం గొలుసు తెగి ఎగిరి ఒక కూలీ చెంపను చీల్చింది. చెంపలోంచి పళ్లు కనబడ్డాయి. అతను నోరు తెరవకుండానే నేను అతని దవడ పళ్లు చూశాను. అతన్ని ఆటోలో పంపి కొత్త గొలుసు వేశారు. సిల్వర్ ఓక్ అని చెప్పి పంపినారు, ఇది రాయి గదప్పా అని ఓబులేశ్ అరిచాడు. నేను విన్నాను. అంటే అతనికి తెలిసింది. అయినా ఆపలేదు.

నాయన ఒక మానును వాటేసుకున్నాడు. ఇద్దరు కూలీలు చేతులు విడదీసి, ఈడ్చి పడేశారు. లేచి రాళ్లు విసిరాడు. సిల్వర్ ఉండాది, మీకు కండ్లు లేవా, ఈ చెట్లకు సిల్వర్ ఉండాది అని గొంతు చిరిగేలా అరిచాడు. సిల్వరే గదయ్యా, దానికే కొడతా ఉండాం అన్నాడు ఓబులేశ్. ఇద్దరూ ఒకే మాట మీద కొట్లాడుతున్నారు. ఆ గట్టు మీద దాని రెండు అర్థాలూ తెలిసింది నాకొక్కదానికే.

ఏడో చెట్టు జీవాల మీద పడింది. రెండు గొర్రెలు నలిగాయి. ఒకటి చూలుది. పొట్ట పగిలి పిల్ల బయటికొచ్చి మట్టిలో కాళ్లు కొట్టుకుంది. నాయన ఒక్క క్షణం చూసి, నడుముకున్న కత్తి తీసి దాని గొంతు తనే కోశాడు. తర్వాత ఆ కత్తితోనే ఓబులేశ్ మీదికి పోయాడు. నేను వెనక నుంచి పట్టుకున్నాను. ఎముకలే ఉన్న ఒళ్లు, అయినా ఆపడానికి నా బలమంతా కావాల్సి వచ్చింది.

అప్పుడు యోగీశన్న వచ్చాడు. ఏమీ అడగలేదు. పిడికిలంత రాయి తీసుకుని ఓబులేశ్ తలకు గురిపెట్టి కొట్టాడు. అది చెవికి తగిలింది. చెవి సగం తెగి వేలాడింది. కూలీలు అన్నను కింద పడేసి తొక్కారు. నేను ఒకడి పిక్కను కరిచాను, నోట్లో మట్టి, నెత్తురు. అరుపులకు ఊరంతా పరిగెత్తుకొచ్చింది.

ఓబులేశ్ చెవిని తువ్వాలుతో అదుముకుని జేబులోంచి కాగితం తీశాడు. నన్నేల కొడతారప్పా, ఎర్రప్పనడగండి, వేలొత్తింది ఆయప్పే అన్నాడు. ఈశ్వరప్ప తీసుకుని గట్టిగా చదివాడు. సిల్వర్ ఓక్, నలభై ఒకటి, ఓనరు నాటినవి. ఈశ్వరప్ప నా వైపు తిరిగాడు. బాటనీ చదివినదాన్ని నేను, ఊళ్లో చెట్ల పేర్లు చెప్పాల్సింది నేను. తల దించుకున్నాను.

మధ్యాహ్నానికి పంతొమ్మిది కొట్టారు. గొలుసులు అయిపోయి ఆగారు, కొత్తవి తెప్పించాకే మళ్లీ వస్తారట. ఇరవై రెండు మిగిలాయి.

25 ఫిబ్రవరి, మంగళవారం

పాలడైరీ దగ్గర నాయనను కొట్టారు.

పొద్దున్నే పాలు పోయడానికి పోయాడు. ఈశ్వరప్ప, ఇంకో ముగ్గురు అడ్డం నిలబడ్డారు. చేతుల్లో దోటి కట్టెలు, కొమ్మలు దించే పొడుగాటివి. వాళ్లు అడిగింది ఒకటే, ఎందుకు సిల్వర్ అని చెప్పినావు. నాయన చెప్పిందీ ఒకటే, సిల్వర్ ఉండాది గదప్పా, సిల్వరే గదా. అది వాళ్లకు పొగరుగా వినబడింది. కొట్టి మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాడు. నిజం చెబుతున్నాడు కాబట్టి ఇంకో మాట ఆయనకు దొరకలేదు. ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు కొట్టారు.

నేను చేరేసరికి నేల మీద ఉన్నాడు, పాల మధ్యలో. పాలు ఎర్రగా ఉన్నాయి. రెండు పళ్లు బయట పడి ఉన్నాయి. ఇంకా అంటూనే ఉన్నాడు, సిల్వరే గదా, సిల్వరే గదా.

భుజాన సర్వే బ్యాగు ఉంది. సుత్తి తీసి ఈశ్వరప్ప మణికట్టు మీద కొట్టాను. ఎండుకంప విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకు నచ్చింది. అమ్మ ఈ పుస్తకం ముట్టదు, ఇంకెవరూ చదవలేరు కాబట్టి రాస్తున్నాను, చాలా నచ్చింది. మళ్లీ ఎత్తాను, ఎవరో చెయ్యి మెలిపెట్టి లాక్కున్నారు. అప్పటికి జనమంతా నా వైపే చూస్తున్నారు. నోరు తెరిచి, ఆయన సిల్వర్ అనేది బిళ్లలను, ఆ మాట నేర్పింది నేను అంటే అయిపోయేది.

అనలేదు. తిట్టాను. ఈశ్వరప్పను, వాళ్ల అమ్మను, వాళ్ల గొర్రెలను కూడా తిట్టాను. తిట్లకు నాకెప్పుడూ కొదవ లేదు.

26 ఫిబ్రవరి, శివరాత్రి

పావగడ ఆస్పత్రిలో ఉన్నాం. మూడు పక్కటెముకలు విరిగాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా పంటి సందులోంచి ఈల వస్తోంది. అమ్మ ఉపవాసం, మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది.

నేనేం తప్పు చెప్పినా పాపా అని నాయన అడిగాడు. ఏమీ తప్పు చెప్పలేదు నాయనా అన్నాను. మరి ఏల కొట్టిరి అన్నాడు. వాళ్లకు బుద్ధి లేదు అన్నాను. నిజమే అన్నట్టు తలాడించాడు.

28 ఫిబ్రవరి

అన్న మచ్చుకత్తి సాన పడుతున్నాడు. కంప కొట్టే కత్తి అది, మూరెడు ఉంటుంది. ఓబులేశే ఆఫీసర్‌ను పట్టుకుని చెట్టు పేరు మార్పించినాడు, నాయనకేం రాసినారో తెలీకుండా వేలొత్తించినారు, దాంట్లో నాకు అనుమానమే లేదు అన్నాడు. రాసే చెయ్యి ఏదైతే ఏం, కొట్టించిన చెయ్యి నాకు తెలుసు అన్నాడు. అమ్మ విని, ఊరుకో నాయనా అనలేదు. చట్టిలో అంబలి కలుపుతూనే ఉంది.

2 మార్చి, ఆదివారం

ఈ రోజు అన్నకు సగం చెప్పాను. ఓబులేశ్ మార్పించలేదు, ఆఫీసర్ జీపు దిగకుండా రాసుకున్నాడు, అది ఆఫీసర్ పొరపాటు అన్నాను. నీకెట్ల తెలుసు అన్నాడు. ఆఫీసులో అనుకున్నారు అన్నాను. మీ ఆఫీసోళ్ల మాటలు నాకు చెప్పొద్దు అని లేచి పోయాడు. మిగిలిన సగం చెప్పలేదు. అది చెప్పి ఉంటే కూర్చునేవాడు. నన్ను కొట్టేవాడు, కానీ కూర్చునేవాడు.

3 మార్చి, సోమవారం

యోగీశన్న మంగళవాడకు పోయి ఓబులేశ్ కుడిచెయ్యి నరికాడు. బస్టాండు టీ అంగడి ముందు, పగలు పదకొండింటికి, జనం మధ్యలో. మణికట్టు కాడికి గురిపెట్టాడట, ఓబులేశ్ చెయ్యి లాక్కుంటే నాలుగు వేళ్లు పోయాయి. బొటనవేలు మిగిలింది. ఆ వేలితో ఒత్తుకో పో కాగితాలు అని అన్న అరిచాడట. తర్వాత అక్కడే అరుగు మీద కూర్చుని పోలీసులు వచ్చేదాకా కదల్లేదు. ఎవరో వీడియో తీశారు. ఊరంతా చూశారు. నేనూ చూశాను, రెండుసార్లు. వేళ్లు దుమ్ములో పడి ఉంటే ఒక కుక్క వాసన చూసి పోతుంది.

ఓబులేశ్‌కు ఇద్దరు పిల్లలు.

7 మార్చి

ఓబులేశ్ ఆస్పత్రి నుంచే పోలీసులకు చెప్పాడట, ఆ కొయ్య సిల్వర్ ఓక్ కాదు, నేను నా చేతులతో కోసినా, నాకు తెలుసు అని. వేళ్లు పోయినవాడు చెప్పాడు. ఫారెస్టు నుంచి కొత్త ఎంక్వయిరీ వేశారు. సోమవారం గట్టు మీద. ఓనరును, సర్వే చేసినవాళ్లను రమ్మన్నారు.

10 మార్చి, సోమవారం, మధ్యాహ్నం

ఆఫీసరమ్మ జీపు దిగింది. దిగడమే కాదు, చెప్పులు విడిచి దుంగల మీద ఎక్కి నడిచింది. చెక్కపేడు ఒకటి తీసి నీళ్ల బకెట్‌లో వేయించింది. రాయిలాగా మునిగిపోయింది. సిల్వర్ ఓక్ అయితే తేలాలి కదా అని తనలో తనే అన్నట్టు అంది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. ఈశ్వరప్ప చేతికి సిమెంటు కట్టు. శశి సార్ ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

ఓనరెవరు అంది. నాయన పక్కటెముకలు పట్టుకుని ముందుకొచ్చాడు. ఇవి ఏం చెట్లు తాతా అని అడిగింది. నాయన ఆమెను చూశాడు, ఈశ్వరప్పను చూశాడు, నేలకేసి చూశాడు. నాకు పేర్లు తెలీవు తల్లీ అన్నాడు.

అరవై ఎనిమిదేళ్లు ఆ చెట్ల కింద బతికిన మనిషి. ఏ మాను ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఏ కొమ్మ ఏ గొర్రెకు ఇష్టమో తెలిసిన మనిషి. పేరు తెలీదన్నాడు, మళ్లీ కొడతారేమోనని.

పడిపోయిన ఒక దుంగ దగ్గరికి పోయాను. నా బిళ్ల ఇంకా ఉంది, పన్నెండో నంబరు. మేకుతో సహా ఊడబెరికి ఊరికి చూపించి, ఇది ఏంది అని అడిగాను. ఇది ఏందో చెప్పండి అని అరిచాను. వెనక నుంచి నరసక్క, మా పక్కింటి ముసలామె, సిల్వర్ గదమ్మే, మా చెంబు మాదిరే అంది.

అంతే. ఒక్కొక్కరి ముఖం మారడం చూశాను. సిల్వర్ అనే మాట మా నాయనకు నేర్పింది నేను అని చెప్పాను. సిల్వర్ ఉన్న చెట్టును ఎవరూ ముట్టరని చెప్పింది నేను. ఆయన చెప్పింది బిళ్లల గురించి, ఆఫీసర్ రాసుకుంది ఓక్. ఇవి యేపిమాన్లు, హార్డ్‌వికియా బైనాటా, నలభై ఒకటి, నా లిస్టులో అట్లే రాశాను, ఆ లిస్టు తీసేశారు. ఆఫీసరమ్మ మొత్తం రాసుకుంది, మధ్యలో ఒకసారి స్పెల్లింగ్ అడిగింది. మిగిలిన ఇరవై రెండింటినీ ముట్టకూడదని అక్కడే ఆర్డర్ రాసి ఇచ్చింది. శశి సార్ నా ఐడీ కార్డు అడిగి తీసుకున్నాడు.

ఈశ్వరప్ప వచ్చి నాయన కాళ్ల మీద పడ్డాడు. కట్టున్న చెయ్యి పక్కకు పెట్టి, ఒంటిచేత్తో పాదాలు పట్టుకున్నాడు. నాయన పాదాలు వెనక్కి లాక్కున్నాడు. ఆయన చూపు నా మీదే ఉంది.

నీకెప్పుడు తెల్సు అని అడిగాడు. పదిహేడో తేదీ అన్నాను, నువ్వు వచ్చి చెప్పినప్పుడే. నన్ను కొట్టేటపుడు తెల్సా అన్నాడు. తెలుసు అన్నాను. మీ అన్న కత్తి ఎత్తుకపోయేటపుడు అన్నాడు. తెలుసు అన్నాను. నాయన జీవాలను అదిలించి గట్టు దిగిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

ఇంట్లో అమ్మ పొయ్యికట్టెతో కొట్టింది. వీపు మీద, తొడల మీద, చేతుల మీద. కట్టె విరిగితే ఇంకోటి తీసుకుంది. నా కొడుకును జైల్లో పెట్టినావు కదే అంటూ కొట్టింది, ఏడవలేదు. నేను తప్పించుకోలేదు. నాయన వాకిట్లో గొర్రెకు పెరిగిన గిట్టలు కోస్తున్నాడు. ఆపమని అనలేదు, ఇంకా కొట్టు అనీ అనలేదు. లోపలికి చూడనే లేదు. ఆయన కూడా వచ్చి రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు నిద్ర పట్టేది.

13 మార్చి

నాయన నాతో మాట్లాడడు. నేను పెట్టిన అన్నం తింటాడు. గిన్నె నా ముందు పెట్టడు, గోడ పక్కన పెట్టిపోతాడు.

18 మార్చి, మంగళవారం

మధుగిరి సబ్‌జైలుకు అన్నను చూడడానికి పోయాం, నాయనా నేనూ. బస్సులో ఆయన ముందు సీటు, నేను వెనక సీటు. గేటు దగ్గర రిజిస్టర్ రాసే అతను నాయన పేరు రాసుకుని, ఖైదీకి ఏమవుతావు అన్నాడు. తండ్రి అన్నాడు నాయన. నా వైపు పెన్ను చూపించి, ఈమె ఎవరు అన్నాడు.

చెట్లు లెక్కబెట్టే పాప సార్ అన్నాడు నాయన.

అతను అలాగే రాసుకున్నాడు. కింద నేను సంతకం పెట్టాను.